పనికీ మనిషికీ మధ్య సందు

తప్పు నాదేనని సిద్ధగోరాలో ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. అననివ్వండి. ఆ తప్పులో నా వాటా పావు వంతు. మిగిలిన ముప్పావు మా మరిది ఆదిబాబుది. నేను కాగితం మీద రాసిచ్చింది రాసిచ్చినట్టు గుడ్డ మీద దించి ఉంటే ఇంత రభస జరిగేదే కాదు. అయినా మొదట్నించీ చెబుతాను. మధ్యలోంచి అందుకుంటే మీరూ నన్నే అంటారు.

ఎనభై రెండో సంవత్సరం జనవరిలో మా సువర్ణరేఖ తెలుగు మహిళా మండలికి ఎన్నికలొచ్చాయి. మండలి అంటే పేరంటాల గుంపు అనుకునేరు. టాటానగర్‌లో మన తెలుగువాళ్ళుండే పేటలు సిద్ధగోరా, మాంగో, టెల్కో కాలనీ కలిపి నూట ముప్పై రెండు మంది సభ్యురాళ్ళం. సిద్ధగోరాలో రేకుల హాలు ఒకటి, దాని పక్కన గది ఒకటి మా సొంతం. మూడేళ్ళకోసారి అధ్యక్షురాలిని ఎన్నుకుంటాం. చాలామందికి అక్షరాలు రావు కనక చీటీలు వెయ్యం. తెర వెనక రెండు ఇత్తడి బిందెలు పెడతాం. ఒకదాని మెడకి ఎర్ర రిబ్బను, రెండోదానికి నీలం రిబ్బను. ఎవరికి ఎవరు కావాలో వాళ్ళ బిందెలో ఒక పసుపు కొమ్ము వేసి రావడమే.

అప్పటికి మూడేళ్ళుగా అధ్యక్షురాలు అసిరమ్మ గారు. అందరికీ ఆవిడ పెసిడెంటమ్మ, నాకు పిన్ని. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా, రోట్లో పొత్రంలా ఉంటుంది. అధ్యక్షురాలయ్యాకే సంతకం నేర్చుకుంది. నేర్పింది నేనే. నేను పద్మకుమారిని, మండలి కార్యదర్శిని. పాలకొండ హైస్కూల్లో వ్యాసరచనలో రెండేళ్ళు వరసగా మొదటి బహుమతి కొట్టినదాన్ని. మెట్రిక్ పాసైన కోడలినని మా అత్తగారు పోలమ్మ నాచేత అంట్లు కూడా తోమించదు. కాపరానికొచ్చి పదకొండేళ్ళయింది, ఒక్కనాడు నన్ను కొబ్బరి పీచు ముట్టుకోనివ్వలేదు. "రాసీ సేతులు నీయి, బూడిదలో పెట్టకు" అంటుంది. నేనూ పెట్టలేదు. ఎందుకు పెడతాను?

పిన్ని మూడేళ్ళలో చేసినవి చాలానే ఉన్నాయి. వీధి చివర కుళాయి ఆవిడ తెప్పించిందే. అన్నిటికన్నా పెద్దది ఉయ్యాల గది. హాలు పక్క గదిలో పైన ఇనప పైపు వేయించి, దానికి పదకొండు పాత చీరలతో ఉయ్యాలలు కట్టించింది. పొద్దున్న ఏడింటికి కాంట్రాక్టు పనికి పోయే ఆడవాళ్ళు, ఇటుకలు మోసేవాళ్ళు, షెడ్లు ఊడ్చేవాళ్ళు, తమ చంటిపిల్లల్ని అక్కడ పడుకోబెట్టి వెళ్తారు. సాయంత్రం వరకూ మేం వంతులవారీగా చూస్తాం. పదకొండు మంది ఒకేసారి ఏడుపు లంకించుకుంటే ఎలా ఉంటుందో మీకు తెలీదు. నాకు తెలుసు.

పోటీకి దిగింది గౌరీదేవి గారు. టెల్కో కాలనీలో ఫోర్‌మన్ గారి భార్య, కాకినాడ మనిషి, వీణ బాగా వాయిస్తుంది. చెడ్డ మనిషి కాదు, అదే నా బాధ. చెడ్డదైతే తిట్టుకుని పడుకునేదాన్ని. ఆవిడ చెప్పేదాంట్లో న్యాయం ఉంది. "మన పిల్లలు ఆకలేస్తే 'భూఖ్ లగీ హై' అంటున్నారండీ. ఆ గదిలో తెలుగు బడి పెడదాం, వీణ నేర్పుదాం. ఉయ్యాలలు వరండాలోకి మార్చుకోవచ్చు" అంది. జనవరి చలిలో వరండా! పొద్దున్నే నోరు తెరిస్తే పొగ వచ్చే ఊరిది. చంటిపిల్లలకి స్వరాలు చలి ఆపవు కదా!

ఆ మాట విని చిలకమ్మ పరిగెత్తుకొచ్చింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, కార్ఖానాలో షెడ్లు ఊడుస్తుంది, కొడుక్కి ఏడో నెల. "పద్మక్కా, వరండాలో ఏత్తే నా గుంటడికి మళ్ళీ రొంప కమ్మీద్ది. పోయిన్నెల సావు తప్పి బతికినాడు. పని మానీసి ఇంట్లో కూకుంటే ఏటి తింతాం?" అని చెంగు నోట్లో కుక్కుకుంది. "నేనుండగా గౌరీదేవి కాదు కదా ఆవిడ వీణ కూడా ఆ గదిలో అడుగుపెట్టదు" అని కోపంగా మాటిచ్చేశాను. మాటిచ్చాక గదా తెలిసింది, పిన్ని ప్రచారానికి ఒప్పుకోవడం లేదని.

"సేసింది సెప్పుకుంటే పున్నెం సల్లారిపోద్దే" అంది.

"చెప్పుకోకపోతే ఓట్లు చల్లారిపోతాయి పిన్నీ."

"ఓలమ్మ, నీ నోరుకి దణ్ణం. సరే, నీ ఇట్టం. మరి నన్ను దేవతని సేసీకు. ఉన్నదే రాయి."

ఉన్నదే రాశాను. రాత్రంతా... కాదులెండి, మధ్యాహ్నం పడుకోకుండా కూర్చుని రాశాను. పైవరస: మన అసిరమ్మ మాటల మనిషి కాదు. కిందివరస: పని మనిషి. అసిరమ్మకే మీ ఓటు. రాసి నాకు నేనే శెభాష్ అనుకుని, పెరట్లో అంట్లు తోముతున్న మా అత్తగారికి చదివి వినిపించాను.

ఆవిడ చెయ్యి ఆగింది. "పని మనిసా? అలగని రాసీసినావేటి?"

"అంటే పని చేసే మనిషి అత్తా. కబుర్లు చెప్పే మనిషి కాదు అని."

"అవును. పని సేసీ మనిసే" అని మళ్ళీ గిన్నె అందుకుంది. ఆ గిన్నె అప్పటికే తళతళలాడుతోంది, అయినా ఇంకా రుద్దుతూనే ఉంది. నేను పట్టించుకోలేదు.

ఇక ఆదిబాబు సంగతి. మా మరిది ట్రక్కుల మీద రంగులు వేసే పనిలో ఉన్నాడు. వెనక నెమలీ, 'హార్న్ ప్లీజ్' రాయడంలో వాడి తర్వాతే ఎవరైనా. కానీ పుట్టింది ఇక్కడ, చదివింది హిందీ. తెలుగు వింటాడు, జవాబు హిందీలో చెబుతాడు, చదవడం సున్నా. మన అక్షరాలని వాడు బొమ్మల్లా చూసి దించుతాడు. 'అ'కీ 'ఆ'కీ తేడా ఏమిట్రా అంటే "పూంఛ్, భాభీ" అన్నాడు. తోకట!

రెండు గుడ్డలు పరిచాడు, ఒకదాని కింద ఒకటి కట్టడానికి. నేను పొయ్యి మీద పాలు పెట్టి లోపలికీ బయటికీ తిరుగుతున్నాను. వాడు రెండో గుడ్డ మీద మొదటి మాట వేలితో చూపించి, "భాభీ, యే క్యా లిఖా హై?" అని అరిచాడు.

"పని!" అన్నాను వంటింట్లోంచి.

"అచ్ఛా, పానీ?"

పాలు పొంగుతున్నాయి. "ఆఁ, అదే!" అనేశాను.

నా పావు వంతు ఇదే. ఇంతకన్నా లేదు. హిందీవాళ్ళ పానీ అంటే నీళ్ళని ఆ క్షణాన నాకు తోచలేదు. వాడికేమో తోచింది. పెసిడెంటమ్మ కుళాయి తెచ్చింది కదా, నీళ్ళ గురించే రాశారు కాబోలు అనుకున్నాడు. గుడ్డలో జాగా మిగిల్చి మంచి కుళాయి బొమ్మ వేశాడు. కుళాయి కింద బోర్లించిన గిన్నెలు కూడా వేశాడు, అందానికి. బొమ్మకి జాగా చాలక పనికీ మనిషికీ మధ్య సందు మింగేశాడు. పైగా రెండు గుడ్డలూ ఒకచోట ఎందుకు, రెండుచోట్ల ప్రచారం అవుతుంది కదా అని, పైవరస మాంగోలో కట్టి, కిందివరస డ్యూటీకి పోతూ పోతూ టెల్కో కాలనీ బజారులో కట్టాడు. ఇవేవీ నాకు చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మాంగో నించి ఒకావిడ బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చింది. చేతిలో చిన్న పొట్లం. "పెసిడెంటమ్మకి మాట పడిపోయిందంట గదా. పాపం, ఎప్పట్నించమ్మా? 'మాటల మనిషి కాదు' అని గుడ్డ మీద రాసి కట్టినారు మా కాడ. ఇదిగో, వసకొమ్ము. అరగదీసి నాలిక మీద రాయమను." నాకు బుర్ర తిరిగిపోయింది. వసకొమ్ము తీసుకుని, ఆవిడకి టీ ఇచ్చి పంపి, ఆదిబాబుని లేపాను. "దో జగహ్ పబ్లిసిటీ హో గయీ భాభీ" అని దుప్పట్లోంచే గొప్పలు పోయాడు. రెండో గుడ్డ టెల్కో బజారులో ఉందని కూడా వాడే చెప్పాడు. మా అత్తగారిని వెంటబెట్టుకుని టెల్కో బస్సెక్కాను.

బజారు మొదట్లోనే కనిపించింది. ఎర్ర రంగుతో ఇంతింత అక్షరాలు: పనిమనిషి అసిరమ్మకే మీ ఓటు. పక్కన కుళాయి, దాని కింద బోర్లించిన అంట్లు. తక్కువయింది ఒక్క కొబ్బరి పీచే. కింద కూరల బుట్టలతో పదిమంది మనవాళ్ళు నిలబడి పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. సరిగ్గా అప్పుడే గౌరీదేవి గారు వచ్చింది.

"ప్రచారం బాగుందండీ పద్మకుమారి గారూ. బొమ్మ కూడా చక్కగా కుదిరింది. పొద్దున్న మా పనిమనిషి చూసి, అయితే నేనూ నిలబడొచ్చా అమ్మగారూ అంటోంది."

అందరూ గొల్లుమన్నారు. ఆవిడ నవ్వించడానికే అంది, మరీ విషం లేదు అందులో. కానీ నా ఒళ్ళు మండిపోయింది. "అది సందు లేక వచ్చిన తప్పండీ, బుద్ధి లేక కాదు" అని గోడ దగ్గర పళ్ళ బండి ఎక్కి గుడ్డ లాగి పారేశాను. బండివాడు తిట్టాడు. వాణ్ణీ తిట్టాను. దిగి చూస్తే మా అత్తగారు ఆ గుడ్డ చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది. మొహంలో నెత్తురు లేదు. "ఇంటికి ఎలిపోదాం పదే" అంది. బస్సులో కూడా ఆ చుట్ట వదల్లేదు.

మాకన్నా ముందే వార్త సిద్ధగోరా చేరింది. పిన్ని గడపలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. నవ్వుతుందేమో, తిడుతుందేమో అనుకున్నాను. రెండూ చెయ్యలేదు.

"ఎవులు సెప్పినారే నీకు?" అంది.

"ఏమిటి పిన్నీ చెప్పడం?"

"నాను పనిమనిసిగా సేసినానని."

నాకు నోట మాట రాలేదు. వసకొమ్ము నాకే పనికొచ్చేలా ఉంది.

పిన్ని బఠాణీలు ఒలుస్తూనే చెప్పింది. పెనిమిటితో ఊరొదిలి వచ్చిన కొత్తలో ఆయన పనిలో కాలు విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. తొమ్మిదేళ్ళు సాహెబుల బంగళాల్లో అంట్లు తోమింది. ఆయన కోలుకుని పర్మినెంటు అయ్యాక ఆ ఇల్లు, ఆ వీధి మారి సిద్ధగోరా వచ్చేశారు. ఇక్కడ ఎవరికీ తెలీదు. ఆ పని మానేనాటికి ఇంకా చంటివాడు కనక కొడుకు చినబాబుకి కూడా తెలీదు. వాడు ఇప్పుడు టాటానగర్‌ స్టేషన్లో బుకింగ్ క్లర్కు, ఫాల్గుణంలో పెళ్ళి.

"ఉన్నదే రాయమన్నాను గదా, ఎవులో సెప్పితే ఉన్నదే రాసీసినావనుకున్నాను" అంది. "నీ తప్పు కాదులే. మరి నాను నిలబడనే పద్మా. ఆదోరం సబకి రాను. నా పేరు తీసీమను. అందరూ కలిసి నవ్వుతుంటే ఆ కుర్సీలో ఎలగ కూకుంతాను?"

బతిమాలాను, ఏడ్చాను, చివరికి కోప్పడ్డాను కూడా. కదల్లేదు. మెట్లు దిగుతుంటే చిలకమ్మ ఎదురొచ్చింది, చంకలో కొడుకు. ఏమయిందక్కా అంది. పిన్ని నిలబడదట, గది పోయినట్టే అని మాత్రం చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి ఆదిబాబుని తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, ఇది ఆడవాళ్ళు చదివే కథ. వాడు పాపం ఏడుపు మొహం పెట్టి, "గల్తీ హో గయీ భాభీ" అని కొత్త గుడ్డ తెచ్చుకుని శనివారమంతా కూర్చున్నాడు. ఈసారి కుళాయి లేదు, గిన్నెల్లేవు. పనికీ మనిషికీ మధ్య సందు ఎంత వదిలాడంటే, అందులోంచి మేక దూరి పోవచ్చు.

ఆదివారం పొద్దున్న హాలు నిండిపోయింది. నూట పద్ధెనిమిది మంది వచ్చారు. బిందెలు తోమి తెర వెనక పెట్టాం, పసుపు కొమ్ములు పళ్ళెంలో సర్దాం. వేదిక వెనక ఆదిబాబు కొత్త గుడ్డ కట్టాడు. పిన్ని పేరు నేను తీసెయ్యలేదు. తియ్యమందిగానీ తీస్తానని నేను మాటివ్వలేదు కదా!

ముందు గౌరీదేవి గారు మాట్లాడింది. బాగా మాట్లాడింది కూడా. మన భాష, మన పిల్లలు అంటూ ఉంటే నేనే చప్పట్లు కొట్టబోయి చేతులు కట్టుకున్నాను. ఆవిడ కూర్చుంది. రెండో కుర్చీ ఖాళీ. అందరూ నా వంక చూస్తున్నారు. నేను మైకు ముందుకెళ్ళి, పోయిన ఏడాది సరస్వతీ పూజ నాడు చదివిన స్వాగతోపన్యాసం మళ్ళీ మొదలుపెట్టాను. ఇంకేం చెయ్యను?

రెండు నిమిషాలు కాకుండానే పక్క తలుపు తెరుచుకుంది. ఉయ్యాల గది వైపు తలుపు. పిన్ని వచ్చింది. చంకలో చిలకమ్మ కొడుకు. వెనక చిలకమ్మ, ఏడ్చి ఉబ్బిన కళ్ళతో. పిన్ని వేదిక ఎక్కి, వెనక్కి తిరిగి ఆ గుడ్డని ఎగాదిగా చూసింది.

"నడమ ఆ సందేటి?" అంది.

"తప్పు దిద్దించాను పిన్నీ" అన్నాను మెల్లగా.

"ఎవులు దిద్దమన్నారు? ఒరే ఆదిబాబూ, కుళాయేదిరా? అంట్లేవి?"

ఆదిబాబు గుమ్మం దగ్గర నీళ్ళు నమిలాడు. "భాభీ నే మనా కియా" అని నా మీదికి తోశాడు. వదినే వద్దందట!

ఎక్కడో ఒకరిద్దరు కిసుక్కుమన్నారు. పిన్ని జనం వైపు తిరిగింది.

"నవ్వండి. నానూ నవ్వుతాను. నాను పనిమనిసినే. తొమ్మిదేళ్ళు బంగళాల్లో అంట్లు తోమినాను. మొన్న ఆ గుడ్డ కత విని సిగ్గుతో ఇంట్లో కూకున్నాను. నిన్న ఈ సిలకమ్మ వచ్చి ఏటన్నాదో తెలుసా? 'అమ్మా, ఎప్పుడో సేసినదానికి నువ్వింత సిగ్గు పడితే, ఇయ్యాల ఊడుత్తన్న నానేటయిపోవాల' అన్నాది. ఆ మాటకే ఇలగ లెగిసి వచ్చినాను."

చంకలో పిల్లాడు మైకు తీగ నోట్లో పెట్టుకోబోతే లాగేసి, మళ్ళీ అందుకుంది.

"నా సినబాబుకి అప్పుడు ఇంతే వయసు. ఇంట్లో మొగుడు మంచం మీద. పిల్లణ్ణి ఎవులు సూత్తారు? నడుంకి సీరముక్క సుట్టి బంగళా ఎనక జాంచెట్టుకి కట్టీసి, గిన్నెలు తోమీదాన్ని. ఎండ వత్తే ఎండలో, వాన వత్తే వానలో. ఏడిత్తే అమ్మగోరు కసిరీది, 'చుప్ కరావో' అనీది. సబ్బు సేతుల్తో ఎత్తుకోలేను. ఒకరోజు ఏడుపు ఆగిపోనాది. పడుకున్నాడనుకున్నాను. ఎల్లి సూత్తే ఆ గుడ్డ మెడకి సుట్టుకుపోనాది. బతికినాడు. బతికినాడు గాబట్టి ఇలగ నిలబడి సెప్పుతన్నాను. ఆ ఉయ్యాల గది అందుకే కట్టినాను. ఆ గది ఉంచుతారో తీసీత్తారో మీ ఇట్టం. మరి వరండాలో గాలికి ఒగ్గీకండి. అదొక్కటే నా పెచారం."

వెనక బెంచీ మీద, స్టేషన్ డ్యూటీ దిగి ఆ పూటే వచ్చి కూర్చున్న చినబాబు నేల చూపులు చూస్తున్నాడు. అంతలో లేచాడు. వెళ్ళిపోతాడేమోనని నా ప్రాణం పోయింది. వేదిక దగ్గరికొచ్చి, తల్లి చంకలోంచి పిల్లాణ్ణి తీసుకుని, "మాఁ, థక్ గయీ హోగీ" అని హిందీలో అనబోయి, అందరూ తెలుగువాళ్ళని గుర్తొచ్చిందో ఏమో, "ఇలా ఇయ్యమ్మా, సెయ్యి నొప్పెడతాది" అన్నాడు. పిల్లాడు వాడి చొక్కా తడిపేశాడు. అప్పుడు నవ్వారు చూడండి, ఆ నవ్వు వేరు.

ఆ నవ్వులోంచే మాంగో వసకొమ్మావిడ లేచింది. "నానూ సేసినానే! నాలుగిళ్ళు!"

"నాలుగేనేటి? నాను ఆరిళ్ళు సేసినాను, సక్రాంతి పూట కూడా నాగా లేదు" అని ఇంకొకావిడ.

"ఆరైతే ఏటి, మా బంగళాలో పదారుమంది జనం, రోజూ మాంసమే. ఆ గిన్నెలు తోమినోల్లు నాకాడికి రండి!"

ఇక పట్టపగ్గాల్లేవు. ఎవరు ఎక్కువ ఇళ్ళు, ఎవరివి ఎక్కువ మాడిన గిన్నెలు అని వేలంపాటలా సాగింది. ఇన్నాళ్ళూ "మా ఆయన ఫలానా మిల్లు" అని తప్ప ఇంకో మాట చెప్పనివాళ్ళంతా చీర కొంగులు దోపి మరీ పోటీ పడుతున్నారు. నేను కార్యదర్శిని కదా, బల్ల కొట్టి "నిశ్శబ్దం!" అని అరుస్తున్నాను. అప్పుడు నా పక్కనుంచే ఒక సన్నటి గొంతు లేచింది.

"నాను పన్నెండేళ్ళు సేసినాను. ఎనిమిదిళ్ళు."

మా అత్తగారు.

పదకొండేళ్ళుగా నాకు తెలిసింది ఏమిటంటే, మా మావగారు పోయాక వచ్చిన కంపెనీ డబ్బుతో ఆవిడ ఇద్దరు కొడుకుల్ని పెంచిందని.

"అత్తా, నాకెప్పుడూ చెప్పలేదేం?" అన్నాను.

"మెట్రిక్ పాసయిన కోడల్ని తెచ్చుకున్నాను. నాకు సిగ్గెయ్యదేటే?" అంది నేల చూస్తూ. చంకలో బజారు నించి తెచ్చిన ఆ కుళాయి గుడ్డ చుట్ట ఉంది. నాకు దుఃఖం ఆగలేదు. అందరిముందూ ఏడ్చేశాను. చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ గుడ్డ ఆవిడ విప్పి ఆదిబాబుకిచ్చింది. "ఇదే కట్రా" అంది. మేక దూరే సందు గుడ్డ దింపి, కుళాయి గుడ్డ కట్టాడు. వాడి బొమ్మకి అందరూ చప్పట్లు కొట్టారు. వెధవ ఉబ్బిపోయాడు.

ఓట్లు వేశారు. నీలం రిబ్బను బిందెలో ముప్పై ఏడు, పిన్నిది ఎర్ర రిబ్బను, ఆ బిందెలో ఎనభై ఒకటి. గౌరీదేవి గారు లెక్క పూర్తికాకముందే లేచి వచ్చి పిన్ని చేతులు పట్టుకుంది. "వరండా మాట నేను అనకుండా ఉండాల్సింది అసిరమ్మ గారూ. బజార్లో అన్నది అంతకన్నా తప్పు" అంది. "మీ ఈణ సాయంత్రం పెట్టుకోండమ్మా. పిల్లలు ఎలిపోయాక గది కాళీయే గదా. తెలుగు కూడా నేర్పండి. ముందల మా ఆదిబాబుకి" అంది పిన్ని. అలాగే జరిగింది. చిలకమ్మ కొడుకు మాత్రం మాటలొచ్చాక సాయంత్రం వీణ మొదలయ్యే దాకా ఇంటికి రానని మారాం చేసేవాడు, అది వేరే సంగతి.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి భోజనాలయ్యాక, మా అత్తగారు పీట వేసుకోకముందే నేను పెరట్లోకి పరిగెత్తి అంట్ల ముందు కూర్చున్నాను. "లెగే, నీకేల?" అంది. లేవనన్నాను. కోపంగా బూడిద తీసుకుని గిన్నెలన్నీ, మూకుడుతో సహా, చేతులు మండేలా తోమి, కడిగి, బోర్లించాను. ఆవిడ గడపలో నిలబడి కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ చూసింది.

అరగంట తర్వాత వెళ్ళి చూస్తే, ఆవిడ అవన్నీ మళ్ళీ తోముతోంది.

"ఏమిటత్తా ఇది?"

"జిడ్డు పోలేదే" అంది. "ఎనిమిదిళ్ళు సేసిన దాన్ని, నా కంటికి ఆనదేటి? కూకో. ఎలగ తోమాలో సూపుతాను."

కూర్చున్నాను.